పన్నెండో ప్రశ్న

బ్రేస్ ఇంకా కాలికి పెట్టనేలేదు, అప్పుడే "మంచిగుంది" అంది ఊర్మిళ.

దత్తాత్రేయ తలెత్తి చూశాడు. శ్యామలాదేవి ఆంటీ వాళ్ళ హాల్లో, కార్పెట్ మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో మోకాలికి పెట్టే బ్రేస్. రెండు పక్కలా రెండు అల్యూమినియం కడ్డీలు, నాలుగు పట్టీలు, మధ్యలో మోకాలితో పాటు వంగే కీలు.

"ఇంకా పెట్టలేదండీ," అన్నాడు.

"పెట్టినంక గూడ మంచిగనే ఉంటది. రాసుకోండ్రి."

"అలా రాసేసుకునేదానికి టెస్ట్ ఎందుకండీ? రాజమండ్రిలో కూర్చునే రాసేసుకునేవాణ్ణి కదా."

కిచెన్‌లోంచి ఆంటీ నవ్వు వినబడింది. "దత్తూ, ఆ పిల్ల అంతే. నేను సాంబారులో ఉప్పు మర్చిపోయినా మంచిగుంది అనే తింటుంది."

ఇది 2010 సంగతి. ఆ జనవరిలో ఐర్లండ్ అంతా మంచు గడ్డకట్టింది. ఆంటీ వాళ్ళ ఊరు ఎన్నిస్‌లో ఫుట్‌పాత్‌లు అద్దాల్లా అయిపోయాయి. పొద్దున్నే పక్క ఊరు షానన్ వెళ్ళే బస్సు కోసం పరిగెత్తబోయి ఊర్మిళ జారిపడింది. మోకాలి లోపల లిగమెంట్ కొంచెం చిరిగింది. ఆపరేషన్ అక్కర్లేదు, బ్రేస్ పెట్టుకుని మెల్లగా నడవమన్నారు డాక్టర్లు.

ఆమె షానన్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని చేస్తుంది. దత్తాత్రేయ అదే ఊళ్ళో, బ్రేసులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో డిజైన్ ఇంజనీరు. అతని కొత్త బ్రేస్‌ని ఆరు వారాలు వాడి చెప్పడానికి పది మంది కావాలి. తొమ్మిది మంది ఐరిష్‌వాళ్ళు దొరికారు. పదో మనిషిగా, తన ఇంట్లో అద్దెకుండే ఊర్మిళని ఆంటీ పట్టిచ్చింది. ఫిజియో కూడా సరేనంది.

పట్టీలు బిగించి దత్తాత్రేయ ఒక కాగితం ఇచ్చాడు. అందులో పన్నెండు ప్రశ్నలు. నొప్పి ఎంత, సున్నా నుంచి పది లోపల. జారుతోందా. ఒరుసుకుంటోందా. మెట్లు ఎక్కగలుగుతున్నారా. చివరిది, ఇంకేమైనా ఇబ్బంది ఉందా.

ఊర్మిళ టకటకా నింపేసింది. నొప్పి సున్నా. జారడం లేదు. ఒరుపు లేదు. పన్నెండో ప్రశ్నకి, ఏమీ లేదు.

"మీరు చేసేది క్వాలిటీ ల్యాబ్‌లో కదండీ. అక్కడ కూడా ఇలాగే రాస్తారా?"

"అక్కడ ఒక్క అంకె తప్పు రాస్తే ఇంటికి పంపిస్తరు," అంది ఊర్మిళ. "ఇక్కడ ఎవరు పంపిస్తరు?"

*

ప్రతి శనివారం మధ్యాహ్నం అతను బస్సులో వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ వాన. గొడుగు తలుపు దగ్గర పెట్టి, తడి బూట్లు విప్పి, తిన్నగా వచ్చి ఆమె మోకాలి ముందు కూర్చునేవాడు.

మూడో శనివారం ఊర్మిళ అడిగేసింది. "ఎన్నడన్న మొఖం జూసి మాట్లాడుతరా? లేకపోతే మోకాలుతోనేనా మీ ముచ్చట?"

దత్తాత్రేయ చెవులు ఎర్రబడ్డాయి. "మొహానికి బ్రేస్ అక్కర్లేదు కదండీ."

"పెడితే మంచిగుంటదేమో. జర నోరు మూసుకుంట."

"వద్దండీ. ఉన్న ఒక్క రీడింగ్ కూడా పోతుంది."

ఆ రోజు అతను ఆమెని ఫెర్గస్ నది పక్క దారిలో కొంచెం దూరం నడిపించాడు. మెట్లు ఎక్కించాడు, దింపించాడు. ఓకానల్ వీధిలో నాలుగు షాపులకి ఒక షాపు మూతపడి ఉంది. అద్దాల మీద అద్దెకివ్వబడును బోర్డులు. ఊరి చివర సగం కట్టి వదిలేసిన ఇళ్ళు వానకి నానుతున్నాయి. ఎవరిని పలకరించినా అదే మాట, ఎవరి ఉద్యోగం పోయింది, ఎవరు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు.

"మోకాలు తలుపు బందు లాంటిది కాదండీ," అన్నాడు దత్తాత్రేయ. తన పని గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అతనికి సిగ్గు ఉండదు. "తలుపు ఒక్కచోటే తిరుగుతుంది. మోకాలు వంగేటప్పుడు కొంచెం వెనక్కి జరుగుతుంది కూడా. అందుకని మొదట్లో నేను రెండు పళ్ళచక్రాలతో కీలు గీశాను. ఖర్చెక్కువని మా వాళ్ళు ఒక్క పిన్నుతో చాలన్నారు. వంగినప్పుడల్లా బ్రేస్ కిందికి జారుతుందని నా భయం."

"జారుతలేదు," అంది ఊర్మిళ.

"నిజంగా?"

"జెప్పిన గదా. మంచిగుంది."

అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె నది వైపు తిరిగింది.

ఎందుకంటే, మొదటి వారంలోనే ఆంటీ ఆమెకి ఒక సంగతి చెప్పింది. దత్తాత్రేయ కంపెనీలో నలభై మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు పదహారు మంది. ఈ బ్రేస్ టెస్ట్ బాగా వస్తే జర్మనీ కంపెనీ ఒకటి డిజైన్ కొనుక్కుంటుంది, డిజైన్ సెక్షన్ బతుకుతుంది. రాకపోతే ఆ అబ్బాయి ఉద్యోగం పోయినట్టే. ఈ రిసెషన్‌లో ఇంకోటి దొరకదు. దొరక్కపోతే దేశంలో ఉండనివ్వరు.

అప్పటి నుంచి ఊర్మిళ ఫారంలో సున్నాలు ఇంకా గుండ్రంగా రావడం మొదలైంది.

*

ఐదో శనివారం దత్తాత్రేయ బ్రేస్ విప్పి, లోపలి మెత్త తీసి చూశాడు. అరుగుదల చూడాలని. మెత్త కింద నుంచి ఒక గుడ్డ ముక్క జారిపడింది.

నీలం రంగు చున్నీ ముక్క. నాలుగు మడతలు పెట్టి, అంచులు శుభ్రంగా కుట్టి ఉంది. మధ్యలో గోధుమ రంగు మరక ఎండిపోయి ఉంది.

అతను ఆమె కాలు చూశాడు. బ్రేస్ కింది అంచు ఉండాల్సిన చోటుకి రెండు వేళ్ళు కిందికి, చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది.

"ఇదేంటండీ?"

ఊర్మిళ పైజామా కిందికి లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండో వారం సంది."

"ఫారంలో సున్నా అని రాశారు."

"అవ్."

"మీ ల్యాబ్‌లో ఒక్క అంకె తప్పు రాస్తే?"

"ఇంటికి పంపిస్తరు."

"మరి నా ఫారంలో ఇన్ని తప్పులు రాశారేంటండీ?"

"నిజం రాస్తే మిమ్మల్ని ఇంటికి పంపిస్తరు గదా," అంది ఊర్మిళ.

ఆంటీ టీ పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను మీ కాలు కోసం ఇది చేస్తున్నాననుకున్నానండీ," అన్నాడు దత్తాత్రేయ మెల్లగా. "మీ కాలితో నా ఉద్యోగం నిలబెట్టుకోడానికి కాదు."

"కాలుదేమున్నది, మానుతది."

"నాకు బాధ అదే. మీరు నొప్పి అని ఒక్కసారి అనుంటే, నేను నమ్మేవాణ్ణి. ఇప్పుడు మీరు బాగుంది అన్న ఏ మాట నమ్మాలో తెలీట్లేదు."

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

*

సోమవారం పొద్దున్న అతను మిగిలిన తొమ్మిది ఫారాలు బల్ల మీద పరుచుకున్నాడు. తొమ్మిదింటిలోనూ చివరి ప్రశ్న దగ్గర ఒకటే మాట. గ్రాండ్.

ఈ దేశంలో కాలు విరిగినా, వాన వారం రోజులు ఆగకపోయినా గ్రాండ్ అనే అంటారని అతనికి మూడేళ్ళుగా తెలుసు. ఊర్మిళకి మంచిగుంది ఎలాగో, వీళ్ళకి గ్రాండ్ అలాగ. తెలిసి కూడా ఆ మాటే లెక్కలో వేసుకున్నాడు.

ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాడు. "గ్రాండ్ అనొద్దు, కాలు చూపించండి," అన్నాడు. పాట్ అనే ముసలి రైతు చాలాసేపు మొహమాటపడి ప్యాంటు పైకి లాగాడు. పుండు. "నువ్వు మంచి కుర్రాడివి, నీకెందుకు చెప్పాలి ఇవన్నీ అనుకున్నా," అన్నాడు. తొమ్మిది మందిలో నలుగురికి అలాగే ఉంది.

ఆ సంగతి రాసి మేనేజర్ డెక్లన్ ముందు పెట్టాడు. డెక్లన్ చదివి, కళ్ళజోడు తీసి, "ఈ ఇళ్ళకి నువ్వు వెళ్ళకుండా ఉండాల్సింది, దత్తా," అన్నాడు. కిటికీలోంచి ఖాళీ కార్ పార్కింగ్ వైపు చూశాడు. "కాదు. వెళ్ళాల్సిందే."

జర్మనీ కంపెనీ తప్పుకుంది. ఏప్రిల్ ఆఖరుకి డిజైన్ సెక్షన్ మూసేస్తామన్నారు. కొత్త ఉద్యోగం వెతుక్కోడానికి వర్క్ పర్మిట్ లెక్కన అతనికి ఆరు నెలలు టైముంది. కార్లో అనే ఊళ్ళో ఒక కాలేజీలో పని ఇప్పించమని, అక్కడ తెలిసినవాళ్ళకి డెక్లన్ ఉత్తరం రాసిచ్చాడు. జవాబు రాలేదు. దత్తాత్రేయ టికెట్ కొనేసుకున్నాడు. ఆరు నెలలు ఎవరి కోసం ఉండాలో అతనికి తోచలేదు. ఉండమని ఎవరూ అనలేదు కూడా.

ఆ వారాలన్నీ అతను ఎన్నిస్ రాలేదు. శనివారం మధ్యాహ్నం ఊర్మిళ హాల్లోనే కూర్చునేది. బస్సు టైము దాటాక లేచి లోపలికి వెళ్ళేది.

"ఫోన్ చెయ్యొచ్చు కదమ్మా," అంది ఆంటీ.

"చేసి ఏం జెప్పాలె ఆంటీ? మంచిగున్న అనాల్నా? నమ్మడు."

*

ఏప్రిల్ చివరి శనివారం బెల్ మోగింది. గొడుగు, తడి బూట్లు, చేతిలో అట్టపెట్టె.

లోపల కొత్త బ్రేస్. కీలు దగ్గర రెండు చిన్న పళ్ళచక్రాలు, ఒకదానికొకటి పట్టుకుని. సామాన్లు సర్దేస్తున్న వర్క్‌షాప్‌లో, మిషన్లు పట్టుకుపోయేలోపు చేత్తో తయారుచేశాడు. పుండు మానిందని, బ్రేస్ పెట్టొచ్చని ఫిజియోని కనుక్కునే వచ్చాడు.

"పెట్టుకుని నడవండి. తర్వాత ఫారం," అన్నాడు.

ఊర్మిళ హాల్లో నడిచింది. మెట్లెక్కి దిగింది. కుర్చీలో కూర్చుని లేచింది. తర్వాత కాగితం తీసుకుని, ఒక్కొక్క ప్రశ్న దగ్గర ఆగి ఆగి రాసింది.

"నొప్పి రెండు," అంది రాస్తూ. "కింద పట్టీ బిగువుగ ఉన్నది. బరువున్నది. ఇంకోటి, అడుగేస్తే టిక్కు టిక్కు అంటున్నది, గడియారం లెక్క."

"ఇంకా?"

"రంగు గూడ మంచిగలేదు."

దత్తాత్రేయ మొహం వెలిగింది. అయిదు వారాల సున్నాలు ఇవ్వని సంతోషం ఆ రెండు ఇచ్చింది. "జారుతోందా?"

"జారుతలేదు. ఇది నిజం."

"నమ్ముతున్నానండీ."

పన్నెండో ప్రశ్న దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. రాసి, కాగితం మడిచి ఇచ్చింది. "బస్సెక్కినంక సదువుండ్రి."

ఆంటీ డబ్బాలో పులిహోర కట్టిచ్చింది. "ఎల్లుండేనా ఫ్లైటు?" అంది. అతను తలూపాడు. వెళ్ళొస్తానని ఇద్దరికీ చెప్పి, వానలోకి దిగాడు.

బస్సు ఎన్నిస్ దాటాక కాగితం విప్పాడు. పదకొండు జవాబులు ఇంగ్లీషులో ఉన్నాయి. పన్నెండోది, ఇంకేమైనా ఇబ్బంది ఉందా అన్నదానికి, తెలుగులో.

ఉంది. మీరు పోతున్నరు. ఆర్నెల్లు టైమున్నదని ఆంటీ చెప్పింది. ఉండి చూడొచ్చు గదా. నొప్పి పది.

తర్వాతి ఊరు క్లేర్‌కాజిల్ స్టాపులో బస్సు దిగిపోయాడు. గొడుగు సీట్లోనే మర్చిపోయాడు. వచ్చిన దారినే వెనక్కి నడక మొదలుపెట్టాడు. పక్కనించి పోయే కార్లు నీళ్ళు చల్లుతున్నాయి.

సగం దారిలో, రాతి గోడ మలుపు అవతల నుంచి చప్పుడు వినబడింది. టిక్కు. టిక్కు. మలుపు తిరిగితే ఆంటీ గొడుగు కింద ఊర్మిళ.

"ఇంత దూరం నడవకూడదండీ," అన్నాడు కంగారుగా, కిందికి చూస్తూ. "నొప్పిగా ఉందా?"

"ఉంది. ఇప్పుడు గూడ మోకాలుతోనేనా ముచ్చట?"

అతను తలెత్తాడు. వాన నీళ్ళో ఇంకేమిటో, ఆమె మొహం తడిగా ఉంది. ఈసారి అతను చూపు దించుకోలేదు.

"నాకూ ఇబ్బందేనండీ," అన్నాడు. "మొదటి శనివారం నుంచీ. నా కోసం ఫారం ఎవరూ తయారుచెయ్యలేదు."

"టికెట్ ఏంజేస్తరు మరి?"

"క్యాన్సిల్ చేస్తాను. కార్లో కాలేజీవాళ్ళకి మళ్ళీ రాస్తాను. ఆరు నెలల్లో ఏదీ దొరక్కపోతే?"

"దొరక్కపోతే అప్పుడు ఏడుద్దాం. గిప్పుడే ఎందుకు?"

గొడుగు అతని చేతికిచ్చి, మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఎన్నిస్ వైపు తిరిగారు. దారిలో రెండుసార్లు, కాలు నొస్తుంది, ఆగుదామంది ఊర్మిళ.

ఇదివరకైతే అనేది కాదు.