వద్దనలేని నీళ్ళు

తెల్లవారింది మొదలు చాంద్బీ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. పెద్ద సత్తు గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. చిన్నకొడుకు వహాబ్ ఆ రోజే ఉదయగిరిలో నెల్లూరు బస్సెక్కి, మద్రాసు మీదుగా బొంబాయికి, అక్కణ్ణించి కువైట్‌కు డ్రైవరు పనికి పోతున్నాడు. రెండేళ్ళ కిందట పెద్దకొడుకు సుభాన్ పోయింది కూడా ఆ దేశానికే. వాడు తిరిగి రాలేదు. వాంతులు, భేదులు పట్టుకుని అక్కడే కన్నుమూశాడు. కడసారి చూపు కూడా కన్నతల్లికి దక్కలేదు.

పంచలో కూర్చుని కొయ్య గరిటె చెక్కుతున్న భర్త అల్లాబకాష్ తల తిప్పి చూశాడు.

"ఏందే అది? కాచిన నీళ్ళు బాలింతలకు గదా! వీడేమన్నా బిడ్డను కన్నాడా?"

వహాబ్ ఫక్కున నవ్వాడు. చాంద్బీ నవ్వలేదు. చల్లారిన నీళ్ళను పలచటి గుడ్డలో వడగట్టి ప్లాస్టిక్ క్యాన్‌లో పోసింది.

"దారిలో ఇయ్యే తాగు. ఆడికి పోయినాక నీ చేత్తో కాచుకోని తాగు. ఐసు ముక్కలు నోట్లో పెట్టబాక. ఎవరు నీళ్ళిచ్చినా వద్దు అను."

"వద్దనేదా!" అల్లాబకాష్ బాడిసె కింద పడేశాడు.

ఆయన సంగతి ఊరందరికీ తెలుసు. బస్సు దిగి ఆ వీధిన పోయేవాళ్ళు పంచలోని కుండ నీళ్ళు తాగకుండా కదలడానికి లేదు. వద్దన్న పాపానికి సొంత బావమరిదితో ఏడాదిపాటు మాట్లాడని మొండిఘటం. ఊరికి పోయేవాళ్ళకైతే గడప దగ్గర తన చేత్తోనే చెంబుడు నీళ్ళిచ్చి పంపుతాడు. ఇచ్చిన నీళ్ళు వద్దనకూడదు, దాహం లేకపోయినా ఒక గుక్క తాగాలి అని పిల్లలకు నూరిపోశాడు. చిన్నప్పుడు సుభాన్ ఎవరింట్లోనో గళాసు మురికిగా ఉందని ముఖం తిప్పుకుంటే, నలుగురిలో చెంప పగలగొట్టాడు కూడా.

"నీళ్ళిచ్చినోడి మొహాన వద్దంటాడా నా కొడుకు? మన ఇంటావంటా ఉండాదా?"

"నాయన చెప్పేది నిజమే గదమ్మా," అన్నాడు వహాబ్. "ఇచ్చినోళ్ళు చిన్నబుచ్చుకోరా?"

చాంద్బీ చేతిలోని గిన్నె ఠంగున కింద పడింది. ఏడాదిగా గొంతులో దాచుకున్న మాట ఇంక ఆగలేదు.

"మీ అన్న కూడా ఇట్నే అన్నాడంటరా!"

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు అల్లాబకాష్.

"దుత్తలూరు పెంచలనరసయ్య. ఇద్దురూ ఒకే చోట పని చేసినారు గదా. పోయినేడు ఇంటికొచ్చినాడు. నువ్వు గరిటెలు అమ్మేదానికి ఆత్మకూరు పోయిండావు." కింద పడ్డ గిన్నె తీసి పొయ్యి పక్కన పెట్టింది. "పని కాడ కాపలా ముసలోడు తుప్పు పట్టిన డ్రమ్ములో నీళ్ళు ముంచి ఇచ్చినాడంట. పురుగులు కనపడతా ఉన్నాయంట. తాగబాకరా అని నరసయ్య చెయ్యి పట్టుకున్నాడంట. 'ఇచ్చిన నీళ్ళు వద్దంటే మా నాయన చంపతాడు' అని నవ్వతా తాగేసినాడంట నా బిడ్డ. వారం తిరక్కండానే..."

అల్లాబకాష్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు బతకతావా?"

ఆయన పంచలోని కుండకేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అన్నేసి మాటలు ఎందుకన్నానా అని చాంద్బీ నోరు కొట్టుకుంది.

బస్సు వేళయింది. వహాబ్ పెట్టె ఎత్తుకుని గడప దగ్గరికి వచ్చేసరికి, అల్లాబకాష్ ఇత్తడి చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. అంచుదాకా నిండిన నీళ్ళు ఒలుకుతున్నాయి. చాంద్బీకి ఒళ్ళు మండింది. ఇంకా బుద్ధి రాలేదా ఈ మనిషికి!

వహాబ్ మామూలుగా చెయ్యి చాపాడు.

"తీసుకోబాక. వద్దు అను," అన్నాడు ముసలాయన.

"నాయనా!"

"నాతో అనలేనోడివి ఆడ ఇంకెవురితో అంటావురా? అను."

వహాబ్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తల్లి వైపు చూశాడు. అనమన్నట్టు ఆమె తలూపింది.

"వద్దు... నాయనా."

"గట్టిగా!"

"వద్దు నాయనా! నేను తాగను!" వహాబ్ భోరుమన్నాడు.

అల్లాబకాష్ కొడుకు తల నిమిరాడు. "శభాష్ బిడ్డా. ఆడ ఎవురేమనుకున్నా ఇట్నే అను. మర్యాద పోతే పోనీ. నువ్వు మాత్రం ఇంటికి రా."

క్యాన్ భుజాన తగిలించుకుని వహాబ్ వెళ్ళిపోయాడు. వాడు వీధి మలుపు తిరిగిందాకా అల్లాబకాష్ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తర్వాత గడప మీద కూలబడ్డాడు.

"ఈ ఒక్క మాట పెద్దోడికి నేర్పలేదే, చాంద్బీ," అంటూ చంటిబిడ్డలా ఏడ్చాడు.

ఆమె ఆయన చేతిలో చెంబు తీసి పక్కన పెట్టింది. ఆయన తలను తన భుజానికి ఆనించుకుని, తానూ గడప మీదే కూర్చుంది.