బొమ్మ పైలట్‌కి బావ ఇచ్చిన మాట

ఆ విమానాల మ్యూజియంలో, షెడ్డు వెనకాల నిలబెట్టిన పాత సరుకుల విమానానికి మంచి పేరు లేదు. చీకటి పడితే లోపల చచ్చిపోయిన పైలట్ ఎవరో మాట్లాడతాడట...

ఇలాంటి కబురు మా బావ చెవిన పడడమంటే కోతికి కొబ్బరి చిప్ప దొరకడమే.

అక్కా బావా టెంటు వేసుకుంటూ, కారులో ఊళ్ళు తిరుగుతూ ఆ సాయంత్రం అక్కడ ఆగారు. విమానమెక్కి, పైలట్ సీట్లో కూర్చోబెట్టిన బొమ్మ మెడ చుట్టూ చెయ్యేసి బావ ఫొటోలు దిగాడు. దిగొస్తూ సెల్యూట్ కొట్టి, "వెళ్ళొస్తాం సార్!" అన్నాడు.

అక్క ఉలిక్కిపడింది. "చచ్చినవాళ్ళ దగ్గర 'వెళ్ళొస్తాం' అనకూడదండీ. మళ్ళీ వస్తామని మాటిచ్చినట్టు!"

"దెయ్యమే నన్ను చూసి జడుసుకోవాలి" అన్నాడు మన వీరుడు.

విమానం చూడ్డానికి ముందే పక్క మైదానంలో కారు ఆపి, టెంటు వేసి పెట్టుకున్నారు. రాత్రి అక్కకి ఆయాసం మొదలైంది. పీల్చే మందు కారులో ఉంది. కారు తాళంచెవి... బావ జేబులో లేదు! బొమ్మ పక్కన ఇరుక్కుని కూర్చున్నప్పుడు జారిపోయి ఉంటుంది.

బావ టార్చి పట్టుకుని వెళ్ళాడు. విమానం మెట్టు మీద కాలు పెట్టాడో లేదో — లోపల్నుంచి, మెల్లగా...

"వచ్చారా?"

అంతే! టార్చి ఒకచోట, చెప్పులు ఒకచోట, మనిషి టెంటులో. దుప్పటి ముసుగెట్టి, "నేను వెళ్ళను... చస్తే వెళ్ళను..." అని ఒకటే వణుకు. పక్కన పెళ్ళాం పిల్లికూతలతో ఊపిరి కోసం కొట్టుకుంటోంది. ఏం మగాడో!

చివరికి అక్కే లేచింది. నాలుగడుగులకోసారి ఆగుతూ, కడ్డీ పట్టుకుని విమానమెక్కింది. చీకట్లో బొమ్మ వెనక ఒక ఆకారం లేచింది...

"వచ్చారా?"

అక్కకి అరిచే ఊపిరి కూడా లేదు.

"తాళంచెవి కోసమేగా తల్లీ?" కాపలా ముసలాయన! రోజూ అక్కడే పడుకుంటాడట. నిద్రమత్తులో గొంతు బొంగురుపోయింది. "దొరికింది, ఎవరో ఒకరు వస్తారులే అని దగ్గర పెట్టుకున్నా. ఇందాక ఒకాయన్ని పలకరిస్తే పరుగెత్తాడేంటమ్మా?"

మందు పీల్చుకుని, అక్క కారు సీట్లో వాలింది. కాసేపటికి బావ వచ్చాడు. సంగతి విని, సిగ్గూ ఎగ్గూ లేకుండా కాలరు సర్దుకున్నాడు.

"నేననుకున్నానే! దెయ్యం లేదూ గాడిద గుడ్డూ లేదు. నాకు ముందే తెలుసు."

అక్క సీట్లోంచి లేచి కూర్చుంది.

"ముందే తెలుసా? అయితే మరి... లేదని తెలిసే నన్ను చావుకి వదిలేశారా?"