బుట్ట పేరు

కల్నల్ థార్న్‌బీ విగ్రహాన్ని దించింది పట్టపగలే. నూరేళ్లు దాటి కోర్టు ముందు నిలబడ్డ కంచు మనిషి నడుముకి పట్టీ బిగించి క్రేను పైకెత్తేసరికి, అడుగునంతా డొల్ల అని అమెరికా దక్షిణ తీరంలోని ఆ దీవి జనమందరికీ కనిపించింది. "పైన పటారం, లోన లొటారం" అని లూవేనియా పైకే నవ్వింది. ఆ మాత్రం నవ్వే హక్కు ఆమెకుంది. బళ్లో చరిత్ర చెప్పే పంతులమ్మ ఆమె; ఆమె పూర్వీకులంతా ఆ కల్నల్ వరిమళ్లలో బానిసలు.

విగ్రహం మ్యూజియానికి పోతోంది. దాని కింద పలక మీద ఏం రాయాలన్నదే ఊళ్లో తగువు. రాసే పని లూవేనియా మీద పడింది. కల్నల్ వంశంలో మిగిలిన ముసలాయన క్లేబోర్న్ ఆమె పక్కనే చేరి జోరీగలా రొద పెడుతున్నాడు.

"ఉన్నదే రాయమ్మాయ్. మా తాతగారి తాత తన దగ్గరున్న ప్రతి పిల్లనీ ముద్దుపేరుతో పిలిచేవాడు. కర్కోటకుడికి పిల్లల ముద్దుపేర్లు గుర్తుంటాయా?"

"బానిసల్ని వదలనని ఆయన యుద్ధం చేసింది అందుకేనా అండీ, పేర్లు మర్చిపోకుండా?"

ముసలాయన మొహం ముడుచుకున్నాడు. అంతలో లూవేనియా నాలుగేళ్ల కూతురు కమీల్ చెయ్యి విడిపించుకుని, లారీ మీద పడుకోబెడుతున్న విగ్రహం వైపు పరుగెత్తింది. గొలుసు కిర్రుమంది. తల్లి ప్రాణం జల్లుమంది.

"కూటా! ఇటు రా!"

అన్నాక నాలిక కరుచుకుంది. ఆ దీవిలో నల్లవాళ్ల పిల్లలకి రెండు పేర్లుంటాయి. బడికీ చర్చికీ ఒకటి. పుట్టగానే బుట్టలో పడుకోబెట్టి పెట్టేది ఇంకొకటి. అది బుట్ట పేరు. దాన్ని గడప దాటి అనరు. చచ్చినవాళ్ల ఎదుట అసలే అనరు. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో పుట్టింది గనక కమీల్ బుట్ట పేరు కూటా, అంటే తాబేలు. కంచుబొమ్మ శవమెలా అవుతుందిలే అని లూవేనియా తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. గడ్డితో బుట్ట అల్లుతున్న అమ్మమ్మ సెలినా చెయ్యి ఆగిపోయింది.

"వాడి ముందు అన్నావా?"

"బొమ్మ ముందు, అమ్మమ్మా."

"ఓసి పిచ్చిదానా... ముద్దుపేర్లు వాడెందుకు నేర్చుకున్నాడో మీ పుస్తకాల్లో ఉందీ? పిల్లల్ని కొనే పడవ వచ్చిన రోజు వాడు వరండాలో నిలబడి పిలిచేవాడు. పెద్దపేరుతో పిలిస్తే పిల్లలు దాక్కుంటారు. బుట్ట పేరుతో పిలిస్తే ఇంట్లోవాళ్లే అనుకుని పరుగెత్తుకొస్తారు. వచ్చినవాళ్లని వచ్చినట్టే పడవెక్కించాడు. అప్పట్నుంచే మనం గడప దాటి అనం."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు? పలక మీద రాసేదాన్ని కదా!"

"రాస్తే రుజువుకి కాగితం చూపించమంటారు. నా దగ్గరేముంది, నోరు తప్ప."

పొద్దు వాలింది. ఆటుకి నీళ్లు వెనక్కిపోయి, బయలుపడ్డ బురద వాసన కిటికీల్లోంచి ఇంట్లోకి వస్తోంది. లూవేనియా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. తలుపు గడియ చూసింది. మళ్లీ చూసింది. బయట కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"కూటా..."

మెల్లగా, ముద్దుగా. అన్నం తినడానికి పిలిచినట్టు.

కమీల్ బొమ్మలొదిలి లేచింది. లూవేనియా ఒక్క ఉరుకున పట్టుకుంది.

"వదులమ్మా, పిలుస్తున్నారు."

"ఎవరూ లేరు. పలక్కు!"

"కూటా... రా తల్లీ..."

ఈసారి మెట్ల దగ్గర. వరండా చెక్కల మీద అడుగు పడింది. ఖాళీ బిందెని నేల మీద పెట్టినట్టు... ఇంకో అడుగు. పిల్ల గింజుకుంటోంది. నోరు జారింది నేను, శిక్ష దీనికా అని లూవేనియాకి ఏడుపొచ్చింది.

సెలినా కర్ర ఊతంతో తలుపు దాకా వెళ్లింది. "కూటా లేదిక్కడ," అంది తలుపుతో. "ఆ పేరుగల పిల్ల చచ్చిపోయింది. పో."

అడుగుల చప్పుడు ఆగింది. కీచురాళ్లు మళ్లీ మొదలయ్యాయి. కమీల్ గింజుకోవడం మాని తల్లి ఒళ్లో తల వాల్చింది. లూవేనియా ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడే కొత్తది పెట్టేయాలి," అని సెలినా గుసగుసలాడింది. "పేరు లేకుండా తెల్లారకూడదు. చెవిలో చెబుతా. నువ్వు కూడా రేపటిదాకా అడక్కు."

వంగింది. పిల్ల చెవి దగ్గర పెదాలు పెట్టింది. నోరు తెరిచింది.

తలుపవతల ఎవరో పిలిచారు. మెల్లగా, ముద్దుగా. కూటా అని కాదు. ఆ మాట లూవేనియా ఎన్నడూ వినలేదు.

సెలినా చటుక్కున వెనక్కి జరిగింది.

"ఆ పేరు నేనింకా అననే లేదే..." అంది. "మనసులో అనుకున్నానంతే..."

లూవేనియా ఒళ్లో పిల్ల తలెత్తి, తలుపు వైపు చూసి నవ్వింది.

"వస్తున్నా," అంది.