దిద్దిన తోడి

ఆదివారం అరసవల్లిలో ఎవరికీ అలారం అక్కర్లేదు. గుడికొచ్చే ఆటోలు తెల్లవారకుండానే హారన్లు మొదలుపెడతాయి. అందుకే చంద్రశేఖరం మేష్టారు శిష్యులకి పంపే సంగీత పాఠాన్ని శనివారమే ఫోనులో పాడేసి, కూతురు మహతికి అప్పగించేస్తారు. ఆదివారం ఉదయం ఆయనకున్న పనల్లా వరండాలో కుర్చీ వేసుకుని ఆ పాఠం వినడమే.

ఆ రోజూ అదే పనిలో ఉన్నారు. తోడి రాగంలో కీర్తన. తారస్థాయిలో తన గొంతు నిలబడిన తీరుకి తనే తల ఊపుకున్నారు.

"విన్నావా కామేశ్వరీ, రిటైరయ్యేక గొంతు బాగుపడ్డవాణ్ణి నన్నే చూడాలి" అన్నారు లోపలికి వినపడేలా.

"రోజూ మిరియాల కషాయం కాస్తున్నదాన్ని నేను. ఆ మాట కూడా చెప్పండి శిష్యులకి" అంది లక్ష్మీకామేశ్వరి, పొయ్యి మీద ఉప్మా కలుపుతూ.

ముందుగదిలో లాప్‌టాప్ దగ్గర కూర్చున్న మహతి ఆ మాటలు విని తల దించుకుంది. ఎందుకంటే అది కషాయం మహిమ కాదు. ఆ పిల్ల మహిమ.

మహతి ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి, ఎంసెట్‌కి చదువుకుంటోంది. వీధిలో ఎవరి ఫోను మొరాయించినా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా మేష్టారింటికే వస్తారు. మేష్టారి కోసం కాదు, మహతి కోసం. మేనమామ వాడి వదిలేసిన లాప్‌టాప్‌ని తనే విప్పి, తనే బాగుచేసుకుంది. ఆ లాప్‌టాప్‌ని చూస్తే మేష్టారికి ఒళ్ళు మంట. కూతురు విజయనగరం సంగీత కళాశాలలో చదవాలని ఆయన కోరిక. ఆయన చదువుకున్నది అక్కడే. పదో తరగతి అయ్యాక మహతి పాట మానేసి ఎంపీసీలో చేరినప్పుడు ఆయన వారం రోజులు ముభావంగా ఉన్నారు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, "మా అమ్మాయికి సంగీతం పట్టలేదండీ" అని చెప్పి మాట మార్చేస్తారు.

పాఠాలు యూట్యూబులో పెడదామన్నది మాత్రం మహతే. కిందటి దసరాకి మొదలుపెట్టారు. మొదటి పాఠం కిందే ఎవరో రాశారు, "మేష్టారి గొంతు వణుకుతోంది, పైస్థాయిలో శ్రుతి తగ్గిపోతోంది, పిల్లలకి తప్పు నేర్పకండి" అని. తండ్రి కంట పడకముందే మహతి దాన్ని తీసేసింది. తీసేసిందే కాని, అందులో అబద్ధం లేదని ఆ పిల్లకి తెలుసు. పాడేవాడికి తన గొంతు బయటికి ఎలా వినిపిస్తోందో తెలియదు. ఆయన మనసులో అనుకున్న స్వరమే ఆయన చెవికి వినిపిస్తుంది.

ఆ రోజే శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుంది. దానంతట దాన్ని వదిలేస్తే తోడిలో గాంధారం ఊగే ఊపుని కూడా తప్పే అనుకుని, చితక్కొట్టి సాపు చేసేసింది. విన్న మహతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇక మెషిన్ని నమ్మక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎక్కడ తగ్గిందో అక్కడ చేత్తో పట్టి ఎత్తడం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ పరీక్షల్లో కూడా ఒక్క పాఠం మానలేదు. ఇది నాన్నగారికి చెప్పాలని ప్రతి పాఠానికీ అనుకుంది. చెప్పలేదు.

ఉప్మా పళ్ళాలు వస్తూండగా గేటు ముందు ఆటో ఆగింది. దిగినాయన గణపతిరావు. కోటబొమ్మాళిలో పొలాలూ, ధాన్యం వ్యాపారమూ ఉన్నవాడు. శ్రీరామనవమి పందిరి పెత్తనం ఆయనదే.

"మేస్టారూ, నమస్కారమండి. దర్శనానికొచ్చినాను. మిమ్మల్ని కూడా ఓపాలి సూసి ఎలదామని" అంటూ వరండా మెట్టు మీదే చెప్పులు విడిచాడు. "మా మనవరాలు మీ పాటాలు ఇంటాది. దాని పక్కన కూకుని నానూ ఇంటన్నాను. ఏటండి ఆ గొంతు? ఎప్పుడో మా ఊల్లో పాడినప్పుడు ఎలగుందో, ఇప్పుడు అంతకన్నా బాగున్నాది."

మేష్టారు చిన్నపిల్లాడిలా నవ్వారు. "ఏదో మీ అభిమానం. కూర్చోండి, ఉప్మా తిందురుగాని."

"తింటాను గానీ, ముందు నా మాట ఇనండి. ఈ నవమికి మీ కచేరీ పెట్టాలని కమిటీవోలందరం అనుకున్నాం. రెండు గంటలు. ఆ తోడి మాత్రం పాడాల. కాదనకండి."

మంచినీళ్ళ గ్లాసు తెస్తున్న మహతి గుమ్మంలోనే ఆగిపోయింది. లక్ష్మీకామేశ్వరి కూతురి వైపు చూసింది. మేష్టారు మాత్రం ఎవరి వైపూ చూడలేదు. ఆయన కచేరీలు మానేసి చాలా కాలమైంది. పిలిచేవాళ్ళు తగ్గారు, తర్వాత ఎవరూ పిలవలేదు. అది ఆయన ఎన్నడూ పైకి అనలేదు.

"వస్తాను గణపతిరావుగారూ. తప్పకుండా వస్తాను" అన్నారు.

"మరింకేటి. ఓ చిన్న ముక్క పాడి ఇయ్యండి. ఆటోకి మైకు కట్టించి సుట్టుపక్కల ఊల్లన్నీ తిప్పించేస్తాను. నాను దర్శనం సేసుకుని వచ్చేసరికి ఫోనులో ఏసీయండి" అని, ఉప్మా తిని, కాఫీ తాగి, గణపతిరావు గుడికి వెళ్ళాడు.

ఆయన గేటు దాటాడో లేదో మేష్టారు గొంతు సవరించుకున్నారు. తలుపులన్నీ మూయించి, ఎప్పుడూ పాడే ఒకటిన్నర శ్రుతి పెట్టుకుని, తోడి పల్లవి పాడారు. మహతి ఫోను పట్టుకుని నిలబడింది. పైస్థాయికి వెళ్ళేసరికి గొంతు అందుకోలేక కిందనే ఉండిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని, అందిందనుకుని, సంతోషంగా దిగి వచ్చారు.

"బాగా వచ్చింది. గణపతిరావుగారికి పంపెయ్యి."

"కాస్సేపాగి పంపుతాను నాన్నగారూ" అంటూ మహతి వంటింట్లోకి నడిచింది.

లక్ష్మీకామేశ్వరి స్టవ్ కట్టేసింది. "నువ్వు చేసే పని నాకు తెలుసులేవే. రోజూ పక్కగదిలో వింటున్నదాన్ని, ఆ మాత్రం తెలీదా? ఎప్పట్లా సరిచేసి పంపెయ్యి. గొడవుండదు."

"మరి కోటబొమ్మాళిలో ఎలాగమ్మా? పందిట్లో నేను సరిచెయ్యలేను కదా."

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. ఇన్నాళ్ళకి ఆ మనిషి మొహంలో కళ చూసేను. నువ్విప్పుడు చెప్పేవంటే అది ఉంటుందా?"

"ఇప్పుడు నేను చెప్పకపోతే, అక్కడ ఊరంతా చెప్తారు. అదెలా చూస్తావు?"

తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"పంపేవా?" అంటూ మేష్టారు గుమ్మంలోకి వచ్చారు.

"ఇంకా లేదు."

"ఏవే, ఒక్కటి నొక్కితే వెళ్ళిపోతుందని నువ్వే అంటావు గదా. ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నీ బాగుచేస్తావు, నా పాట పంపడానికి నీకు తీరిక లేదా?"

"తీరిక లేక కాదు నాన్నగారూ."

"మరేవిటి? అవును, పాటంటే నీకు లెక్కలేదు. తోడి నేర్పడం మొదలెట్టేనో లేదో వదిలేసి పోయేవు. నేను ముసలాణ్ణి, ఏదో పాడుకుంటున్నాను, నీ కంప్యూటర్ ముందు ఇదేపాటి అనుకుంటున్నావు."

మహతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఊరుకునేది.

"పైన శ్రుతి అందలేదు నాన్నగారూ. ఇప్పుడే కాదు, దసరా నుంచీ అందడం లేదు. నేను సరిచేసేకే పెడుతున్నాను పాఠాలన్నీ."

మేష్టారికి మొదట అర్థం కాలేదు. మహతి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టింది. పొద్దున ఆయన విన్న తోడినే ముందు సరిచేయకుండా వినిపించింది. తర్వాత సరిచేసింది వినిపించింది. మళ్ళీ మొదటిది వినిపించబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"చాలు" అన్నారు.

బయట ఆటోల రొద ఒక్కటే వినిపిస్తోంది.

"నా గొంతుకి వేషం కట్టేవన్నమాట. ఊరందరికీ తెలుసు కాబోలు, నాకు తప్ప."

"ఎవరికీ తెలీదు నాన్నగారూ."

"మొదటి పాఠం నాడే చెప్పి ఉంటే మానుకునేవాణ్ణి. ఇన్నాళ్ళూ నన్ను వరండాలో కూర్చోబెట్టి మురిసిపోనిచ్చేవు. పైగా ఇప్పుడు కచేరీకి ఒప్పుకున్నాను." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మహతికి కొంచెం తేలికగా ఉండేది. ఆయన పెరట్లోకి వెళ్ళి, నూతి గట్టు మీద కూర్చున్నారు.

లక్ష్మీకామేశ్వరి కాఫీ పట్టుకెళ్ళింది. ఆయన ముట్టుకోలేదు. "నీకూ తెలుసా?" అని మాత్రం అడిగారు. ఆవిడ తల ఊపింది. "ఈ ఇంట్లో నాకే చెవులు లేవు" అన్నారాయన. ఆవిడ అక్కడే, ఆయన పక్కనే కూర్చుంది. గుళ్ళో ఆదివారం రద్దీ కాబట్టి గణపతిరావు ఇప్పట్లో రాడు.

కాఫీ చల్లారిపోయాక మేష్టారు లేచి లోపలికి వచ్చారు. మహతి పుస్తకం ముందు కూర్చుని ఉంది, చదవడం లేదు. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఎలా చేసేవో చూపించు" అన్నారు.

మహతి బెదురుగా తెర తిప్పింది. తెర మీద ఆయన గొంతు వంకర్లు తిరిగిన గీతలా ఉంది. దిద్దిన చోటల్లా రంగు మారి ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు.

"ఇదేవిటి, ఇక్కడింత కిందికి పోయింది. దీన్ని వదిలేసేవేం?"

"అది తప్పు కాదు నాన్నగారూ. గాంధారం మీరు కావాలనే అలా కిందికి జార్చి ఎత్తుతారు. దాన్ని ముట్టుకుంటే తోడి పోతుంది."

మేష్టారు ఆ పిల్ల మొహం చూశారు. మళ్ళీ తెర చూశారు. "ఇది? ఇది బాగానే ఉందే. దీన్నెందుకు మార్చేవు?"

"వినడానికి బాగానే ఉంది. కాని ధైవతం మీరు పట్టే చోట పట్టలేదు. దగ్గు ఆపుకుంటూ పాడేరు నిన్న. అందుకని కొంచెం పైకి నిలిచింది."

"నేను పట్టే చోటేవిటో నీకెవరు చెప్పేరు?"

"ఎవరు చెప్తారు? పుట్టినప్పట్నుంచీ వింటున్నాను గదా."

ఆయన వినిపించమన్నారు. విన్నారు. మహతి చెప్పింది నిజం. పదేళ్ళు నేర్చుకున్న శిష్యులెవరూ పట్టలేనిది. ఇంకో పాఠం తీయించారు, కల్యాణి. ఇంకోటి, భైరవి. అడిగిన చోటల్లా మహతి ఎందుకు దిద్దిందో, ఎందుకు వదిలేసిందో చెప్పింది. చెప్తూ ఒకటి రెండు చోట్ల సన్నగా పాడి చూపించింది. మూడో పాఠం సగంలో ఉండగా ఆయన కళ్ళజోడు తీసేశారు. కళ్ళ నిండా నీళ్ళు.

"నా వల్ల బాధపడ్డారు నాన్నగారూ. క్షమించండి" అంది మహతి ఏడుస్తూ.

"అందుకు కాదే" అన్నారు మేష్టారు. "నీకు సంగీతం పట్టలేదని ఊరందరికీ చెప్పుకున్నాను. నా గొంతు పోయిందని తెలిసి బాధ కలిగింది, నిజమే. కాని నా పాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు నాకు జీవితంలో ఇంకొకరు లేరే అమ్మా. అలా వినే పిల్ల ఈ పక్కగదిలోనే ఉంటే నేను చూసుకోలేకపోయేను."

మహతి ఆయన మోచేతి మీద తల ఆనించి ఏడ్చింది. ఆయన కూతురి తల నిమురుతూ ఉండిపోయారు. "ఎంసెట్‌కి బాగా చదువుకో. విజయనగరం మాట ఇంక ఎత్తను" అన్నారు కాసేపటికి.

గణపతిరావు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. నుదుట బొట్టు, చేతిలో ప్రసాదం. మేష్టారు ఆయన్ని కూర్చోబెట్టి, దాచకుండా అంతా చెప్పేశారు. మీరు విన్న గొంతు సగం నాది, సగం మా అమ్మాయి పనితనం అన్నారు.

గణపతిరావు కొంతసేపు గడ్డం గోక్కున్నాడు. "మరి కమిటీవోలకి ఏటి సెప్పాల? సిన్న సంగతి కాదు గదండి" అన్నాడు. తర్వాత, "అదంతా ఒగ్గీండి. పాడగలరా, లేదా? అది సెప్పండి మేస్టారూ. మీరు ఎలగ సెప్తే అలగ."

"శ్రుతి బాగా దించి పాడతాను. పైస్థాయి జోలికి పోను. రెండు గంటలు నావల్ల కాదు, ఒక గంట. అలా మీకు ఇష్టమైతేనే. లేదంటే ఇంకొకర్ని పిలుచుకోండి, నేనేమీ అనుకోను."

"తోడి ఉంటాదా?"

"ఉంటుంది."

"మరైతే ముక్క పాడి ఇచ్చీండి. నాను ఎల్లాల, ఆటో నిలబడున్నాది."

మహతి ఫోనులో శ్రుతి దించి పెట్టింది. లక్ష్మీకామేశ్వరి వీధి వైపు తలుపులు మూసింది. మేష్టారు పల్లవి అందుకున్నారు. గొంతు వయసు దాచుకోలేదు. అక్కడక్కడ జీర కూడా ఉంది. అయినా ఆ కింది శ్రుతిలో తోడి నిలబడింది.

పాడడం అయ్యాక ఆయన కూతురి వైపు తిరిగారు.

"ఎక్కడైనా తగ్గిందా?"

మహతి ఒక్క క్షణం తటపటాయించింది. వరండాలో గణపతిరావు ఉన్నాడు, గుమ్మంలో తల్లి ఉంది.

"రెండోసారి అన్నప్పుడు, మధ్యమం. కొంచెం" అంది.

"సరే, మళ్ళీ పాడతాను" అన్నారు మేష్టారు. "నువ్వు దేన్నీ ముట్టుకోకు. వింటూ ఉండు, చాలు."

మహతి ఫోను పట్టుకుని ఆయన ఎదురుగా కింద కూర్చుంది. ఆయన మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.