ఆఖరి అంకె

పొద్దున్నే గుమ్మంలో కూర్చుని టీ తాగడం తాళాల మేస్త్రికి ముప్ఫయ్యేళ్ళ అలవాటు. ఆ రోజు మాత్రం టీ చల్లారిపోతున్నా గ్లాసు నోటిదాకా రాలేదు. లోపల భార్య గిన్నెలు తోముతోంది. రెండు గిన్నెలు తోమడం, సింకు అంచు పట్టుకుని ఆగడం, మళ్ళీ రెండు గిన్నెలు. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదనీ, మార్చి తీరాలనీ ప్రభుత్వాసుపత్రి పెద్ద డాక్టరు చెప్పి ఏడు నెలలైంది. ప్రైవేటులో చేయించాలంటే ఉన్న రెండు గదుల ఇల్లు అమ్మినా చాలదు. అందుకే సర్కారు ఆరోగ్య పథకంలో దరఖాస్తు పెట్టారు. ఈ ఏడాది నిధులతో అరవై ఆపరేషన్లే చేస్తారట. ఆవిడది నలభై మూడో నంబరు. అరవై లోపే ఉన్నామని ఇంట్లో అందరూ సంబరపడ్డారు కూడా.

తీరా చూస్తే నలభై రెండుని పిలిచారు, నలభై నాలుగుని పిలిచారు. నలభై మూడు ఊసే ఎత్తలేదు.

"అమ్మా, ఆ గిన్నెలు వదిలెయ్! ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" గదిలోంచి కూతురు అరిచింది. సిటీ బస్సులో కండక్టరు. గొంతు ఉద్యోగానికి తగ్గట్టే ఉంటుంది.

"వదిలేస్తే నువ్వొచ్చి తోముతావా ఏంటి?" అంది తల్లి. ఆ ఒక్క మాటకి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

కూతురు ఫోను పట్టుకుని విసురుగా బయటికొచ్చింది. "నాన్నా, ఇదిగో! ఇన్నాళ్ళకి మెసేజ్ పెట్టారు మహానుభావులు. బ్యాంకు ఖాతా వివరాలు సరిపోలలేదట, అందుకని దరఖాస్తు ఆపేశారట. ఇవ్వాళ ఒంటిగంటలోపు సరిచేయకపోతే ఈ ఏడాదికి రద్దు. వచ్చే ఏడాది మళ్ళీ మొదటినుంచీ. వచ్చే ఏడాదిదాకా అమ్మ..." ఆ మాట పూర్తిచేయలేక పళ్ళు నూరింది.

మేస్త్రి ఆ ఫోనువైపు చూడకుండా చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"ఆ కౌంటర్లో బట్టతల గుమాస్తా ఉన్నాడే, వాడి పనే ఇది. టైపు కొట్టేటప్పుడు తప్పు కొట్టుంటాడు. నాలుగు నెలలనుంచీ కాళ్ళరిగేలా తిరుగుతుంటే, పైనుంచి డబ్బు రాలేదమ్మా అని కబుర్లు చెప్పాడు. ఉండు, సూపరింటెండెంటుకే ఫోను చేస్తా. వాడి ఉద్యోగం ఊడగొట్టించకపోతే చూడు!"

"పోన్లేవే... వాళ్ళ సంగతి తెలిసిందేగా..." మేస్త్రి నీళ్ళు నమిలాడు.

కూతురు తండ్రిని వింతగా చూసింది. సర్కారన్నా బ్యాంకన్నా ఒంటికాలి మీద లేచే మనిషి. లేవడూ మరి! ఇరవయ్యేళ్ళు తాళాలు బాగుచేసి కూడబెట్టిందంతా సహకార బ్యాంకులో దాస్తే, ఒక సోమవారం పొద్దున వెళ్ళేసరికి షట్టరు దించి ఉంది. ఆ షట్టరుకి వేసిన తాళం కూడా తను అమ్మిందే. ప్రతి పైసాకీ నాది పూచీ అని బ్యాంకు మెట్లెక్కి చెప్పిన నాయకుడు ఎన్నికలయ్యాక ఆ వీధి మొహమే చూడలేదు. పైసా తిరిగి రాలేదు. అప్పటినుంచీ మేస్త్రి ఎవర్నీ నమ్మడు. ఆరోగ్య కార్డు వచ్చిన రోజున కూడా, "మంత్రిగారి బొమ్మ జానెడుంది, మీ అమ్మ ఫొటో అగ్గిపెట్టంత కూడా లేదు. వైద్యం ఎవరికే తల్లీ?" అన్నాడు.

అలాంటి మనిషి ఇవ్వాళ పోన్లే అంటున్నాడు.

కూతురు నంబరు నొక్కింది. అవతల మోగుతోంది. మేస్త్రికి ఆ బట్టతల గుమాస్తా కళ్ళముందు మెదిలాడు. ఎప్పుడు వెళ్ళినా అరిగిపోయిన ఒకటే చొక్కాలో కనిపిస్తాడు. తను నోరు మెదపకపోతే సరి, తప్పు వాడి మీదికి పోతుంది. ఈ ఇంట్లో తన పరువు దక్కుతుంది.

"పెట్టెయ్ తల్లీ ఆ ఫోను," అన్నాడు మేస్త్రి. "తప్పు వాడిది కాదు. నాది."

"నీదేంటి?"

"ఖాతా నంబరు నేనే తప్పు రాశా. ఆఖర్న ఏడుండాలి. ఒకటి వేశా."

"కళ్ళజోడు పెట్టుకోకుండా రాశావా?"

"పెట్టుకునే రాశా. కావాలనే రాశా." మేస్త్రి గ్లాసులోకే చూస్తూ అన్నాడు. "తాళంలో ఒక్క పిన్ను మార్చామనుకో, ఎంత మొనగాడి తాళంచెవైనా తిరగదు. వైద్యం చేసేవాళ్ళకి ఖాతా నంబరెందుకే అనిపించింది. ఉన్న ఒక్క ఖాతాలోకీ చెయ్యి పెడతారేమోనని... కార్డు ఎలాగూ పేరు మీద వస్తుందిగా, నంబరు ఎవడు చూస్తాడులే అనుకున్నా."

"ఎంత పని చేశావు నాన్నా!" కూతురు గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "నాలుగు నెలలు! డ్యూటీ దిగి తిండి కూడా తినకుండా ఆ కౌంటర్ల చుట్టూ తిరిగా. కనిపించిన ప్రతివాణ్ణీ దొంగ అన్నా. అసలు దొంగ మన గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడన్నమాట! అమ్మ మెట్టు ఎక్కలేక కూలబడుతుంటే నీకు ఒక్కసారైనా గుర్తు రాలేదా ఆ అంకె?"

"వచ్చింది. వచ్చినప్పుడల్లా, వాళ్ళ దగ్గర డబ్బు లేకే పిలవట్లేదని సర్దిచెప్పుకున్నా."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో! తిడుతుందని చూశాడు మేస్త్రి. ఆవిడ తిట్టలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని చెప్పులేసుకుంది.

"ఒంటిగంటలోపు అన్నారుగా," అంది. "పదండి."

ఆసుపత్రి వరండాలో సగం ఫ్యాన్లు తిరగడం లేదు. గుమాస్తా పాత కట్టలోంచి దరఖాస్తు తీసి, మేస్త్రి రాసిన అంకెని వేలితో చూపించాడు. కొత్త కాగితం ఇస్తే మేస్త్రి నంబరు సరిగ్గా రాసి, కింద "తప్పు నాదే" అని కూడా రాశాడు.

"అంత అక్కర్లేదు లెండి," అన్నాడు గుమాస్తా. "ఈ ఖాతా నంబరు మీ దగ్గర డబ్బు తీసుకోడానికి కాదండీ. ఇంటికెళ్ళాక మందుల ఖర్చు వెయ్యడానికి. మీ నలభై మూడో నంబరు మీకే ఉంది. ఇవ్వాళే పరీక్షలకి పంపిస్తా. ఆపరేషన్ తేదీ మాత్రం ఈ విడత నిధులొస్తేనే. నాకే మూడు నెలలుగా జీతం లేదు."

"నన్ను క్షమించండి. మిమ్మల్ని నానా మాటలూ అన్నాను," అంది కూతురు తలొంచుకుని. ఆ పిల్ల అంత మెల్లగా మాట్లాడగలదని మేస్త్రికి అప్పుడే తెలిసింది.

కూతురు కాగితాల మీద ముద్ర వేయించడానికి వెళ్ళింది. బెంచీ మీద ఇద్దరే మిగిలారు. భార్య ఆయనవైపు తిరిగింది.

"సర్కారు మోసం చేస్తుందని దాచారు. బ్యాంకు ముంచేస్తుందని దాచారు. బాగానే ఉంది. మరి నాకెందుకు చెప్పలేదండీ? నేనేం చేస్తానని?"

మేస్త్రి చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు.

"మీతో ముప్ఫయ్యేళ్ళు కాపురం చేశాను. మీ దృష్టిలో నేనూ ఆ షట్టరు దించేసినవాళ్ళలో ఒకదాన్నేనా?"

ఆ మాటతో ఆయన లోపల ఏదో తెగింది. అందరిముందూ, నడివరండాలో, చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. డబ్బు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఊరందర్నీ అనుమానిస్తూ అనుమానిస్తూ ఇంట్లో మనిషిని కూడా బయట నిలబెట్టేశానని ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది.

"ఊరుకోండి," అంది భార్య, ఆయన వీపు మీద చెయ్యి వేసి. "ఇక్కడ ఊపిరందనిదాన్ని నేను. మధ్యలో మీరెందుకు ఆయాసపడతారు?"

ఇంతలో నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చింది. "పేషెంటు తరపు ఎవరండీ? పరీక్షలకి అంగీకార పత్రం. కింద సంతకం చెయ్యండి."

మేస్త్రి కాగితం అందుకున్నాడు. నాలుగు పేజీలు, చిన్న అక్షరాలు. ఎప్పటిలా జేబులో కళ్ళజోడు వెతుక్కోలేదు. ఆ కాగితాన్ని భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వు చదివి చెప్పు. పెట్టమంటే పెడతా."

ఆవిడ ఆశ్చర్యంగా ఆయన వంక చూసింది. తర్వాత మొదటి పేజీనుంచీ, వాక్యానికోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, ఒక్క ముక్క కూడా వదలకుండా పైకి చదివింది. నర్సు విసుక్కుంది. ఆయన కదలకుండా విన్నాడు.

"పెట్టండి," అందావిడ చివరికి.

ఆయన సంతకం పెట్టాడు.