మాటకు సున్నా పాయింట్లు

మా ఆయన నాతో అన్న మొట్టమొదటి మాట: "మీరు మొదటి తలుపు దగ్గరే చచ్చిపోతారండి."

కోపం వచ్చింది. కానీ అప్పటికి ఆయన మా ఆయన కాదు కాబట్టి, చూపించే హక్కు లేకపోయింది.

అక్క పళ్ళ డాక్టరు. ఆదివారం మధ్యాహ్నాలు క్లినిక్‌కు సెలవు. రోగులు కూర్చునే గదిలో బల్ల వేసి మా చేత రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడిస్తుంది. కథ అక్క చెబుతుంది. మేం తలా ఒక పాత్రను తయారుచేసుకుని ఆ కథలో బతకాలి. తను ఇచ్చిన పాయింట్లను బలానికో, కవచానికో, మాటకో పంచుకోవాలి. ఆ పైన అంతా పాచిక దయ.

బావది మల్లయోధుడి పాత్ర. కథతో బావకు పనిలేదు. తలుపు కనబడితే తన్నుతాడు. ఒకసారి తెరిచి ఉన్న తలుపును కూడా తన్నాడు.

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. నా దృష్టిలో పాత్రంటే మనిషి. నా పాటగత్తెకు ఒక పిన్ని ఉంది, ఆ పిన్నితో పాత తగవు ఉంది, మూసిన తలుపులంటే భయం ఉంది. కవచం మాత్రం లేదు.

నా చావును ముందే ప్రకటించిన పెద్దమనిషి బావ స్నేహితుడు, ఆడిటర్. ఆయన యోధుడికి పేరైనా లేదు. పాయింట్లన్నీ బలానికీ కవచానికీ పోశాడు.

"మీవాడికి అమ్మా నాన్నా లేరా?" అన్నాను.

"వాళ్ళుంటే పాయింట్లు పెరగవండి."

"మరి మాటకు సున్నా ఏంటి?"

"నాకూ అంతేనండి. అలవాటైపోయింది."

ఆడగా ఆడగా తెలిసింది, ఆయన అన్నది నిజమే. నా పాటగత్తె ఎక్కడపడితే అక్కడ పడిపోయేది. ఆ పేరులేని యోధుడు ప్రతిసారీ భుజాన వేసుకుని మోసుకొచ్చేవాడు, ఒక్క ముక్క మాట్లాడకుండా. నేను పాట వర్ణిస్తుంటే ఆడిటర్ పాచిక వైపే చూసేవాడు. పాచిక నా చేతిలో ఉండేది.

ఒకరోజు ఆట అయ్యేసరికి బయట జోరువాన. ఆయన సంచిలోంచి రెండు గొడుగులు తీశాడు.

"ఒకటి మీకండి."

ఒకే గొడుగు కింద ఇద్దరు నడవొచ్చన్న ఆలోచన ఆ బుర్రలోకి రానేలేదు.

ఆ తర్వాతి ఆదివారం నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను. నా పాత్ర కాగితం బల్ల మీద ఉంది, పెన్సిలుతో కొత్తగా దిద్ది.

"మా పిన్ని ఏది?"

"కవచంగా మార్చానండి," అన్నాడు ఆడిటర్. బహుమతి ఇచ్చినవాడి వెలుగు ఉంది ముఖంలో.

"మరి భయం?"

"అది తీసేస్తే కొత్త పాయింట్లు వచ్చాయండి. ఇక మీరు చావరు."

"ఆ భయం నాదండీ. నేను లిఫ్టు ఎక్కను. ఈ నాలుగో అంతస్తుకు ప్రతివారం మెట్లెక్కే వస్తున్నాను. మీరు చెరిపేసింది నన్ను."

విసవిసా వెళ్ళిపోయాను. కోపంగా దిగడానికి నాలుగు అంతస్తులు మరీ ఎక్కువ. రెండో అంతస్తులో చెప్పు తెగింది. అయినా కోపం నిలబెట్టుకున్నాను.

ఆటకు వెళ్ళడం మానేశాను. కొన్ని వారాలకు అక్క ఫోన్ చేసింది.

"ఒకసారి రావే. యోధుడు కత్తి ఎత్తలేకపోతున్నాడు."

"అయ్యో, ఏమైంది?"

"వచ్చి చూడు."

వెళ్ళాను. మూడో అంతస్తు మలుపులో ఆడిటర్ గోడ పట్టుకుని రొప్పుతున్నాడు.

"లిఫ్టు పాడైందా?"

"లేదండి."

ఇద్దరం కలిసే మిగతా మెట్లెక్కాం.

గదిలో బావ తల పట్టుకుని కూర్చున్నాడు. "వీడు పాత్రను మార్చేశాడు, మరదలా. బలం సున్నా, కవచం సున్నా. పాయింట్లన్నీ మాటకే పోశాడు. ఇప్పుడు మేం రాక్షసుడి పొట్టలో ఉన్నాం."

"యోధుడు ఏం చేస్తాడు?" అంది అక్క.

"పాటగత్తెకు క్షమాపణ చెబుతాడు," అన్నాడు ఆడిటర్.

"పాచిక వెయ్యి."

వేశాడు. ఒకటి పడింది. అంతకన్నా తక్కువ ఆ పాచిక మీద లేదు.

"యోధుడు నోరు తెరిచాడు," అంది అక్క, జాలన్నది లేకుండా. "దగ్గు వచ్చింది."

ఆయన పాచికను పక్కకు జరిపాడు.

"ఆట బయట మాట్లాడొచ్చాండి?"

"దానికి నా దగ్గర రూల్సు లేవు."

నా వైపు తిరిగాడు. "మీరు పడిపోతుంటే చూడలేకపోయానండి. అందుకే కవచం తొడిగాను. అడక్కుండా తొడగడం తప్పే. భయాన్ని ఉండనివ్వండి. మెట్లు నేనూ ఎక్కుతాను. రోజూ ఎక్కమన్నా ఎక్కుతాను. మీరంటే నాకు చాలా ఇష్టమండి."

మళ్ళీ రొప్పాడు. అది మెట్ల ఆయాసమో, మాట ఆయాసమో తెలియలేదు.

"పిన్నిని తిరిగి రాయండి," అన్నాను.

"రాసేశానండి. తగవుతో సహా."

బావ చప్పట్లు కొట్టబోయాడు. అక్క ఆపింది. "అమ్మతో నేను మాట్లాడతాను. అంతవరకూ అందరూ రాక్షసుడి పొట్టలోనే ఉండండి."

పెళ్ళై నెల కాలేదు. ఇల్లు చూసే పని ఆయనకే వదిలేశాను. ఆయన చూసిన ఇంట్లో గాలి ఆడదు, కుళాయి రాత్రీ పగలూ గొణుగుతుంది, వంటగదిలో ఇద్దరం నిలబడితే గిన్నెలకు చోటుండదు. కానీ కింది అంతస్తు.

"పాయింట్లన్నీ దానికే పోశానండి," అన్నాడు. పెళ్ళైనా ఆ 'అండి' పోలేదు.

నిన్న సాయంత్రం పెద్ద వాన. నన్ను తీసుకెళ్ళడానికి బస్టాపుకు వచ్చాడు. చేతిలో ఒకటే గొడుగు.

"రెండోది మర్చిపోయానండి," అన్నాడు, నేల చూస్తూ.

ఆయన ఏదీ మర్చిపోడు. గొడుగు కిందకు జరిగాను.