పద్దెనిమిదో నంబరు

చోడవరం నుంచి బయల్దేరిన యాత్రా బస్సులో మనిషికో నంబరు. పెట్టినవారు గణపతిరావు మాస్టారు. ముప్పయ్యేళ్ళు పిల్లలకి హాజరు పిలిచి రిటైరైన మనిషి. ఆగిన ప్రతిచోటా, బస్సు కదలబోయే ముందు ఫుట్‌బోర్డు మీద నిలబడి విజిల్ ఊదేవారు. ఎవరి నంబరు వాళ్ళు అరవాలి. నలభై రెండు వినపడితేనే డ్రైవరు బంగార్రాజు బండి తీసేవాడు.

జానకిది పదిహేడు. ఆమె మేనత్త వరహాలక్ష్మిది పద్దెనిమిది.

తల్లి పోయిననాటి నుంచి జానకిని పెంచింది ఆ అత్తే. టైఫాయిడ్ వచ్చి ఆవిడ రెండు చెవులూ పోయి పదేళ్ళయింది. పక్కన బాణసంచా పేలినా తల తిప్పదు. పెదాల కదలిక చూసి మాట పట్టుకుంటుంది. విజిలే వినపడని మనిషి నంబరేం చెబుతుంది? అందుకని జానకి తన పదిహేడు చెప్పేసి, ముక్కుతో గొంతు సన్నం చేసి, ముసలమ్మలా సాగదీసి, "పద్దెనిమిదీ..." అనేది.

మొదటిరోజు బస్సంతా పగలబడి నవ్వింది. ముందు సీటులో పదహారో నంబరు పైడితల్లి, బుచ్చయ్యపేట రైతు ఇల్లాలు, వెనక్కి తిరిగి, "మీ అత్తకన్నా నువ్వే బాగా సెప్తన్నావే గుంటా!" అంది. మాస్టారు కూడా నవ్వేరే తప్ప వద్దనలేదు.

మధుర, రామేశ్వరం, కన్యాకుమారి, మైసూరు. పదిహేను రోజులూ ఇద్దరి నంబర్లూ జానకే అరిచింది. వరహాలక్ష్మి ఒక్కసారి కూడా ఆ నంబరు తన నోటితో అనలేదు.

ఆఖరి మజిలీ హంపి. డెబ్భై రెండో సంవత్సరం, మాఘమాసం. పొద్దు వాలుతోంది. గంటన్నర టైమిచ్చేరు మాస్టారు.

దారి పొడుగునా అత్త చెయ్యి పట్టుకుని గుళ్ళ క్యూల్లో నిలబడ్డమే సరిపోయింది జానకికి. పాడుబడ్డ ఈ ఒక్క ఊరైనా తన కాళ్ళతో, తన ఇష్టంగా తిరగాలని ఆమె కోరిక. ఏనుగుశాల దగ్గరికి వచ్చేసరికి వరహాలక్ష్మి మూడో గుమ్మం ముందు మెట్టు మీద కూలబడింది. అక్కడ పదకొండు గదులు ఒకే వరసలో ఉన్నాయి. ఒక్కోదానికీ ఎత్తయిన గుమ్మం, పైన గుమ్మటం, లోపల చీకటి.

"మోకాళ్ళు లాగేస్తన్నాయే. నువ్వు చూసిరా. నేనిక్కడే ఉంటాను." జానకి కొంగు పట్టుకుని మళ్ళీ అంది. "నన్నొదిలేసి పోకే. పిలిస్తే నాకు వినపడదు."

"అబ్బ, ఏటీ గోల! చంటిపిల్లవా?" పెదాలు కనపడకుండా మొహం అటు తిప్పుకుని అంది జానకి.

వెళ్తూ వెళ్తూ మూడో గదిలోకి తొంగి చూసింది. గబ్బిలాల కంపు. తడి రాతి వాసన. ఎప్పుడూ ఎండ తగలని చల్లదనం. సరదా పుట్టింది. లోపలికి రెండడుగులు వేసి, ముక్కుతో, "పద్దెనిమిదీ..." అంది.

గుమ్మటం అందుకుంది. పద్దెనిమిదీ... పద్దెనిమిదీ...

అయిపోయిందనుకుని బయటికి వస్తుంటే మూడోసారి వినపడింది. పైనుంచి కాదు. మనిషి ఎత్తులోంచి.

ఎవరో తనలాంటి యాత్రికులే అనుకుని నవ్వుకుంటూ పోయింది. రాణుల కోటగోడలు, రంగు వెలిసిన మేడ, నీళ్ళు లేని కోనేరు... టైము మర్చిపోయింది. విజిల్ వినపడేసరికి నీడలు నేలంతా పరుచుకున్నాయి. పరుగున వచ్చింది.

మెట్టు మీద అత్త లేదు.

గుమ్మం ముందు చెప్పులు మాత్రం ఉన్నాయి. ఎర్ర పట్టీ తెగితే మైసూరులో నీలం దారంతో తనే కుట్టింది. పాత రాతికట్టడం ఏది కనపడినా గుడే అనుకుని చెప్పులు విడిచి మరీ లోపలికి వెళ్ళడం వరహాలక్ష్మికి అలవాటు. జతగా, మొనలు లోపలివైపు పెట్టి ఉన్నాయి.

"అత్తా!" అరిచింది. అరిచి ఏం లాభం? లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

జానకి వెళ్ళలేదు.

గుమ్మంలో నిలబడింది. లోపల ఏదో రాతి మీద మెల్లగా ఒరుసుకుంటోంది. రెండో విజిల్ మోగింది. మాస్టారి దగ్గర టార్చి ఉంది, ఆయన్ని తీసుకొస్తే సరి అనుకుని వెనక్కి తిరిగి బస్సు వైపు పరుగెత్తింది.

బస్సెక్కేసరికి లెక్క నడుస్తోంది.

"పదారు!" అంది పైడితల్లి.

"పదిహేడు," అలవాటుగా వచ్చేసింది జానకి నోట. ఆ వెంటనే, "మాస్టారూ, మా అత్త..."

"పద్దెనిమిదీ..."

వాళ్ళ సీటులోంచి. ముక్కుతో. సాగదీసి.

బస్సంతా నవ్వింది. "పందొమ్మిది!" అన్నారెవరో. నలభై రెండు దాకా నడిచింది. బంగార్రాజు బండి తీసేడు.

సీటులో వరహాలక్ష్మి శాలువా తల మీదుగా కప్పుకుని కూర్చుని ఉంది. చెప్పులు మర్చిపోయి వచ్చేసినట్టుంది, పిచ్చి మొహం, అనుకుని పక్కన కూర్చుంది జానకి. ఆ పాదాలు చూసింది. గోళ్ళ దాకా తెల్లటి రాతిపొడి.

అత్త ఎప్పుడూ ఆ నంబరు చెప్పలేదు కదా. ఆ గొంతు అత్తది కాదు. అది... తను పెట్టిన గొంతు.

జానకి కిటికీ వైపు తిరిగింది. పెదాలు కనపడకుండా. ఊపిరి మాత్రం వదిలినట్టు, "అత్తా," అంది.

శాలువా కదిలింది.

"ఏటే?"

జానకి లేచి మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. "బండాపండి. ఆవిడ మా అత్త కాదు. అత్త అక్కడే ఉండిపోయింది."

మాస్టారు టార్చి పట్టుకొచ్చి చూసేరు. వరహాలక్ష్మి మొహమే. గడ్డం మీద పుట్టుమచ్చతో సహా. "ఎండదెబ్బ కొట్టిందమ్మా నీకు. పడుకో. లెక్క సరిపోయింది."

చోడవరంలో బస్సు దిగి ఇంటికి రాగానే, గుమ్మంలో నిలబడ్డ జానకి తండ్రి అనంతరామయ్య, "వచ్చేవా అక్కా," అని మామూలుగా గొణిగేడు. "వచ్చేన్రా తమ్ముడూ," అని జవాబొచ్చింది. అక్కకి చెవులొచ్చేయని ఆయన వీధిలోనే ఏడ్చేడు. తీర్థాలు తిరిగిన పుణ్యమన్నారు అందరూ. చూడ్డానికి జనం వచ్చి కబుర్లు చెప్పి పోయేవారు. అది అందరికీ జవాబిచ్చేది. మాటాడేవాళ్ళ పెదాల వైపు చూసేది కాదు. రోజంతా జానకి గొంతు వైపు చూసేది.

జానకికి అన్నం దిగేది కాదు. ఆ చీకట్లో అత్త తడుముకుంటూ ఉంటుంది. ఎవరు పిలిచినా వినపడదు. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలి. అది తనే చెయ్యాల్సింది. ఆ సంగతి నాన్నతో చెప్పబోయిన ప్రతిసారీ వెనక గదిలోంచి చిన్న దగ్గు వినపడేది. జానకి మాట మార్చేసేది.

పదకొండో రోజు, పట్టపగలు, జానకి వాళ్ళ పెరట్లో యాత్రా సమారాధన. యాత్ర చేసి వచ్చినవాళ్ళంతా కలిసి భోంచెయ్యడం ఆనవాయితీ. నలభై రెండు విస్తర్లు. జానకికి ఒకపక్క పైడితల్లి, రెండోపక్క అది.

"ఆఖరి హాజరు!" అంటూ మాస్టారు సరదాగా విజిల్ ఊదేరు.

ఇదే సమయం అనుకుంది జానకి. అందరి ముందూ లేచి నిలబడాలి. నేను లోపలికి వెళ్ళలేదు, వదిలేసి వచ్చేను, పదండి వెళ్ళి తెద్దాం అని చెప్పాలి. తిట్టనీ, కొట్టనీ.

"పద్నాలుగు." "పదిహేను." "పదారు!"

జానకి లేచింది.

"పదిహేడు," అంది జానకి గొంతు.

జానకి ఇంకా నోరు విప్పలేదు.

"పద్దెనిమిదీ..."

పెరడంతా నవ్వింది. నాన్న కూడా నవ్వేడు. జానకి అరిచింది. బలంకొద్దీ అరిచింది. నాన్న తల తిప్పలేదు. పైడితల్లి పక్కనే ఉండి పచ్చడి నంజుకుంటోంది. లెక్క నలభై రెండుకి చేరింది.

"సరిపోయింది. వడ్డించండి."

అన్నం గంప పట్టుకున్నతను పైడితల్లి విస్తట్లో వడ్డించేడు. ఆ తర్వాత దాని విస్తట్లో వడ్డించేడు. మధ్యలో ఆగలేదు.

కాళ్ళ కింద పేడతో అలికిన నేల ఉండాలి. రాయి తగిలింది. చల్లగా. గబ్బిలాల కంపు గుప్పుమంది.

జానకి వీధి గుమ్మం వైపు చూసింది. అందరి చెప్పులూ చిందరవందరగా పడి ఉన్నాయి. మెట్టు మీద మాత్రం రెండు జతలు, పక్కపక్కనే, మొనలు లోపలివైపు పెట్టి ఉన్నాయి. ఒకటి తనది.

రెండోదాని ఎర్ర పట్టీకి నీలం దారం కుట్టు ఉంది.